ఆమె ఎక్కడా ‘సరే’ అనలేదు

మొన్న ఆదివారం మా నాటకం అయిపోయాక వేదిక మీద ఒక పెద్దాయన అన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది. నన్ను మెచ్చుకుంటూనే అన్నారు. "ఆడదాని మనసు ఎంత చంచలమో షేక్‌స్పియర్ నాలుగు వందల ఏళ్ల కిందటే చెప్పాడు. మన నెల్లూరు నటుడు దాన్ని కళ్లకు కట్టించాడు" అన్నారు. హాలంతా చప్పట్లు. నేను మెడలో దండతో నిలబడి ఉన్నాను. ఆన్ వేషం వేసిన అమ్మాయి నా పక్కనే ఉంది. తల దించుకుంది. మైకు అడిగి నేను అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాదే. అందుకే ఇక్కడ రాస్తున్నాను, కొంచెం పొడుగైనా చదవండి.

మేం వేసింది షేక్‌స్పియర్ ‘మూడవ రిచర్డ్’ నాటకంలో మొదటి అంకం రెండో రంగం. ఒక్క రంగమే, పాతిక నిమిషాలు. ఇంగ్లీషు లెక్చరర్‌గా పనిచేసే మిత్రుడు తేలిక తెలుగు వచనంలోకి తెచ్చాడు. చూడనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెబుతాను. చనిపోయిన రాజు ఆరో హెన్రీ శవాన్ని తీసుకుని ఆయన కోడలు ఆన్ ఖననానికి వెళ్తుంటుంది. దారిలో రిచర్డ్ అడ్డం పడతాడు. ఆ మామగారిని చంపింది వీడే. ఆమె మొగుడి చావుకు కారణమూ వీడే. ఆ శవం పక్కనే నిలబడి, నిన్ను పెళ్లి చేసుకుంటానంటాడు. రంగం అయ్యేసరికి ఆమె వేలికి వాడి ఉంగరం ఉంటుంది.

తెల్లదొరల రాజుల కథ మనకెందుకని రిహార్సల్ రోజుల్లోనే కొందరు అడిగారు. నాటకానికి ఊరేమిటి, భాషేమిటి? వేదం వేంకటరాయ శాస్త్రి గారు 1897లో ‘ప్రతాపరుద్రీయం’ ప్రచురించారు, మన నెల్లూరు ఆంధ్ర భాషాభిమాని సమాజం వాళ్లు దాన్ని ఆడారు. చరిత్ర నాటకం నెల్లూరుకు కొత్త కాదు. ఆ సంగతి అంతటితో వదిలేస్తాను.

నేను ఇరవై ఏళ్లుగా కీచకుడి వేషం వేస్తున్నాను. తిరునాళ్లకు, శ్రీరామనవమికి, కావలి నుంచి సూళ్లూరుపేట దాకా ఎన్నిసార్లు వేశానో లెక్క లేదు. విలన్ ఆడదాని వెంటపడే సీను అంటే నా ఒంట్లో ఒక అలవాటు నాటుకుపోయింది. మీసం దువ్వడం, కళ్లు తిప్పడం, ఆమె వీపు తిప్పగానే జనం వైపు చూసి నవ్వడం. జనం ఈల వేస్తారు, మనం ఇంకొంచెం చేస్తాం. రిచర్డ్‌ని కూడా మొదటి వారం అలాగే చేశాను. ప్రతి డైలాగుకూ ముందు వరుస వైపు ఒక చూపు.

ఆన్ వేషం వేసిన అమ్మాయి తెనాలి వైపు నుంచి రైల్లో వచ్చేది. పద్యనాటకాల్లో ఆడవేషాలకు వచ్చే ఆర్టిస్టు. మూడో రిహార్సల్లో మధ్యలో ఆపేసి, "అన్నా, మీరు జనాన్ని చూసి నవ్వితే నేను పిచ్చిదాన్నయిపోతా" అంది. "వాడు అబద్ధమాడుతున్నాడని హాల్లో పిల్లాడికి కూడా తెలిసిపోతా ఉంటే, ఎదురుగా నిలబడిన నాకు తెలీలేదంటే నేను బుర్ర లేనిదాన్నని కదా?"

ఆ రాత్రి ఇంటికి పోయి స్క్రిప్టు మళ్లీ చదివాను. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. రిచర్డ్ జనంతో మాట్లాడతాడు, కానీ ఆన్ వెళ్లిపోయాకనే. అంతవరకూ ఆ మాటలన్నీ ఆమెకే. వాడు ఏడిస్తే నిజంగా ఏడవాలి, మోకాళ్ల మీద కూర్చుంటే నిజంగా కూర్చోవాలి. వాడి మాటల్లో అబద్ధం కనపడకూడదు. మొగుణ్ని నేను చంపలేదని మొదలుపెడతాడు. ఆమె ఒప్పుకోదు, సాక్షిని కూడా చెబుతుంది. దాంతో మాట మార్చి, అవును చంపాను, నీ అందం వల్లనే చంపాను అంటాడు. చేసిన హత్యకు ఆమెనే కారణం చేశాడు. ఈ ఎత్తు పాతదేం కాదు. పెళ్లానికి వాతలు పెట్టి నీమీద ప్రేమతోనే పెట్టానన్నవాళ్లను మన వీధుల్లో చూడలేదా? ఆ వాక్యం చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ నోరు ఎండిపోతుంది.

ఆమె వాడి మొహాన ఉమ్మేస్తుంది. అయినా వాడు ఆగడు. నా తండ్రి చచ్చినప్పుడు కూడా నేను ఏడవలేదు, నీ కోసం ఏడుస్తున్నాను అని కత్తి తీసి ఆమె చేతికిచ్చి, రొమ్ము తెరిచి, పొడిచెయ్యి అంటాడు. ఆమె ఎత్తుతుంది. పొడవలేదు. కత్తి జారవిడుస్తుంది. మొదట మాకు వేషాలు అద్దెకిచ్చే కొట్టువాళ్లు అట్టకత్తి ఇచ్చారు. అట్టకత్తి కింద పడితే చప్పుడు రాదు. ఒక కమ్మరి దగ్గర మొద్దు అంచుతో ఇనపకత్తి చేయించాం. అది చెక్కల వేదిక మీద పడ్డప్పుడు ఖంగుమన్న ఆ చప్పుడుతో హాలు ఒక్క క్షణం ఊపిరి బిగబట్టింది. ఆ చప్పుడు ఉండాలి. ఆమె చేతిలోంచి జారిపోయినది ఒక్క కత్తే కాదని జనానికి తెలియాలి.

శవం సంగతి కూడా చెప్పాలి. కొబ్బరికాయ కొట్టిన వేదిక మీదకు పాడె తేవద్దని హాలు వాళ్లు అడ్డు చెప్పారు. పాడె బదులు చెక్కపెట్టె, మీద నల్లగుడ్డ, లోపల మాలో ఒకడు తెల్లబట్ట కప్పుకుని పడుకున్నాడు. హంతకుడు దగ్గరకు వస్తే శవం గాయాలు మళ్లీ నెత్తురు కారుస్తాయని అప్పటివాళ్ల నమ్మకం, నాటకంలోనూ అది జరుగుతుంది. పసుపు, సున్నం కలిపిన నీళ్లు లోపలి నుంచి బట్టకు అంటుకునేలా ఏర్పాటు చేశాం. ఆ ఎర్రమరక పాతిక నిమిషాలూ జనం కళ్ల ముందే ఉండాలని పట్టుబట్టాను. పెట్టెను పక్కకు జరిపితే ఇది మామూలు ప్రేమ సీనయిపోతుంది.

ఇప్పుడు ఆ పెద్దాయన మాటకు వస్తాను. కీచకుడు ద్రౌపది వెంటపడే ఘట్టం తెలుగులో రాసిన తిక్కన మన ఊరివాడు. పెన్నా ఒడ్డున రంగనాయకుల గుడి వైపు వెళ్లినప్పుడల్లా నేను ఆయన్ను తలుచుకుంటాను. విరాటపర్వంలో కీచకుడు అడిగితే ద్రౌపది ‘దుర్వారోద్యమ’ అని అందుకుని, నా మొగుళ్లు నీ ప్రాణం తీస్తారని మొహం మీదే చెబుతుంది. ఆ పద్యం హార్మోనియం మీద ఎత్తుకుంటే మన జనం ఒన్స్‌మోర్ కొట్టకుండా ఊరుకోరు. సరే, ద్రౌపది గట్టిది, ఆన్ మెత్తనిదా? కాదు. ద్రౌపదికి అయిదుగురు మొగుళ్లు బతికి ఉన్నారు, వంటశాలలో భీముడు ఉన్నాడు. అర్ధరాత్రి వెళ్లి లేపితే లేచాడు. ఆన్ ఎవర్ని లేపాలి?

చరిత్రలో ఏం జరిగిందో చూడండి. 1471 ఏప్రిల్‌లో బార్నెట్ యుద్ధంలో ఆన్ తండ్రి వారిక్ ప్రభువు చచ్చిపోయాడు. మే 4న ట్యూక్స్‌బరీలో మొగుడు ఎడ్వర్డ్ చచ్చిపోయాడు. ఆ నెలలోనే లండన్ టవర్‌లో మామ హెన్రీ పోయాడు. నెలన్నర లోపల మూడు చావులు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు దాటలేదు. మన ఇళ్లలో టెన్త్ పరీక్షలు రాసే పిల్ల వయసు. తండ్రి ఆస్తి బోలెడు. దాని మీద అక్క మొగుడు క్లారెన్స్ కన్నేశాడు. ఆమెను దాచిపెట్టి వంటమనిషి వేషంలో ఉంచాడని, రిచర్డ్ వెతికి పట్టుకున్నాడని క్రోలాండ్ మఠం చరిత్రలో రాశారు. ఇది చదివినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. విరటుడి కొలువులో సైరంధ్రిగా ద్రౌపది, లండన్‌లో వంటమనిషిగా ఆన్. వేషం ఒకటే. ఆన్ వెనకాల నిలబడే మనిషే లేడు.

అసలు చరిత్రలో ఆన్ ఆ శవం వెంట నడవలేదు, ఆ సంభాషణ షేక్‌స్పియర్ కల్పన. రిచర్డ్‌కు కూడా అప్పటికి పద్దెనిమిదేళ్లే. 2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ పార్కింగ్ కింద దొరికిన అతని ఎముకలు చూస్తే వెన్ను పక్కకు వంగింది నిజమే గాని, నాటకంలో వర్ణించిన ఎండిపోయిన చెయ్యి లేదు. అందుకే గూనికి దూది కూరడం మానేసి ఒక భుజం కొంచెం దించి నడిచాను. దూది గూనితో వేసిన రోజున పిల్లలు నవ్వారు. ఆ నవ్వు ఈ రంగానికి పనికిరాదు.

చంచలం అన్నవాళ్లను ఒకటే అడుగుతాను. స్క్రిప్టు తీసుకుని పెళ్లికి ఆమె ఎక్కడ ‘సరే’ అందో చూపించండి. నేను ఎర్ర పెన్సిలు పట్టుకుని వెతికాను. చచ్చిపొమ్మని నువ్వే చెప్పు, చచ్చిపోతానంటాడు. ఎప్పుడో చెప్పాను కదా అంటుంది. నీ మనసు తెలిస్తే బాగుండు అంటుంది. ఉంగరం తొడిగితే, తీసుకోవడం అంటే ఇవ్వడం కాదు అంటుంది. వెళ్లొస్తాననైనా చెప్పమంటే, అది నీకు ఎక్కువే, చెప్పాననుకో అని వెళ్లిపోతుంది. ప్రేమ అనే మాట ఆమె నోట రాలేదు. గెలిచాను గెలిచాను అని అరిచేది వాడు, అదీ ఆమె వెళ్లాక. వాడి మాటను పట్టుకుని మనం ఆమె మీద తీర్పు చెబుతున్నాం. హంతకుడి సాక్ష్యం మీద!

కత్తి ఎందుకు పొడవలేదు అంటారు. పొడిస్తే ఏమవుతుంది? వాడు అప్పుడు గద్దె మీదున్న రాజు తమ్ముడు. చుట్టూ ఆయుధాలతో ఉన్న మనుషులు ఒక్క బెదిరింపుకే పెట్టె కింద పెట్టేశారు. పైగా ఆ పిల్ల మనిషిని చంపలేదు, అంతే. చంపలేకపోవడం తప్పెప్పుడయింది?

ఇంత కోపం నాకు ఎందుకంటే, ఈ మాట నాటకంలోని ఆన్ దగ్గర ఆగదు. ఈల వేసిన కుర్రాళ్లలో ఇద్దరు నాటకం అయ్యాక మేకప్ రూము దగ్గరకొచ్చి ఆ అమ్మాయితో సెల్ఫీ అడిగారు. ఒకడు, "మేడం, మీరు అంత ఈజీగా పడిపోయారేంటి?" అన్నాడు. ఆమె నవ్వి ఊరుకుంది. రాత్రి రైలు ఎక్కాల్సిన మనిషి, ఏం చేస్తుంది? ఆడవేషానికి వచ్చే ఆర్టిస్టులు నాటకం రోజు సాయంత్రం దిగి, ఒక్కసారి డైలాగులు చూసుకుని, ముక్కూమొహం తెలియని మగవాళ్లతో ఇలాంటి సీన్లు చేసి, అర్ధరాత్రి స్టేషన్లో ఒంటరిగా కూర్చుంటారు. నా కీచకుడి రోజుల్లో రిహార్సల్లో చెప్పని చోట చెయ్యి పట్టుకుని లాగినవాడిని నేనే. అప్పుడెవరూ నాకు తప్పని చెప్పలేదు, ఆ ద్రౌపదులూ చెప్పలేదు. ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఈసారి ముట్టుకునే చోట్లన్నీ ముందే రాసుకున్నాం. ఉంగరం తొడగడానికి చెయ్యి ఆమే ముందుకు పెట్టాలి, నేను పట్టి లాగకూడదు. నిజానికి దానివల్లే ఆ క్షణం ఇంకా భయంకరంగా వచ్చింది. వణుకుతూ ఆ చెయ్యి దానంతట అదే లేచింది.

మేం చేసిన పొరపాటు ఒకటుంది. టైము సరిపోదని చివర్లో ఒక ముక్క తీసేశాం. ఆన్ వెళ్లగానే శవం మోసేవాళ్లు, చెర్ట్‌సీ మఠానికేనా దొరా అని అడుగుతారు. చెర్ట్‌సీలో నేనే దగ్గరుండి, కన్నీళ్లతో పూడ్పిస్తానని వాడు ఆమెకు మాటిచ్చి ఇంకా రెండు నిమిషాలు కాలేదు. కాదు, వైట్‌ఫ్రయర్స్ అనే ఇంకో మఠానికి పట్టుకెళ్లండి అంటాడు. అంత చిన్న మాట. అది వినిపించి ఉంటే ఆ పెద్దాయన అలా అనేవారు కాదేమో.

వచ్చే నెల కావలిలో మళ్లీ వేస్తున్నాం. ఆ ముక్క తిరిగి పెడుతున్నాను. దాని తర్వాత నాలుగో అంకంలోంచి ఆన్ మాటలు కూడా కలుపుతున్నాం. రిచర్డ్‌కు పెళ్లాం అయ్యేది నాశనమైపోవాలని శవం దగ్గర తానే పెట్టిన శాపం తనకే తగిలిందని, వాడి పీడకలల వల్ల ఒక్క గంట కూడా కంటి నిండా నిద్రపోలేదని ఆమె చెప్పుకునే చోటు అది. నా చివరి డైలాగులు సగం కోసేసి ఆ టైము ఆమెకు ఇచ్చాను. నిన్న ఫోన్ చేసి చెబితే, "పాఠం వాట్సాప్‌లో పంపండన్నా, రైల్లో చదువుకుంటా" అంది. పంపించాను. తిరుగు రైలు దాకా మా ఆవిడ, నేను స్టేషన్లో తోడుంటాం.