మహారాజశ్రీ ఆటో మోడ్ వారి సముఖమునకు

నమస్కారములు. ఉభయకుశలోపరి.

డెబ్బై వేలు పోసి కెమెరా కొన్నవాళ్లు డయల్‌ను తమరి ఆకుపచ్చ గడి దగ్గర ఆపి, వెలుతురు, ఫోకస్, రంగుల పెత్తనమంతా తమరికి రాసిచ్చి, తాము బటన్ నొక్కే కూలీలుగా చేరిపోతున్నారు. ఫోటో బాగుంటే చుట్టాలు 'కెమెరా మంచిది' అంటారు. బాగోకపోతే 'దీనికంటే ఫోనే నయం' అంటారు. రెండు మాటల్లోనూ తీసినవాడి ఊసు లేదు. ఉండాల్సిన పనీ లేదు, అతను చేసిందేమీ లేదు గనక.

కాబట్టి తమరి అధికారాలను ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకోదలిచాం. మొదటి రోజే అన్నీ చేత్తో పెట్టుకునే మాన్యువల్‌లోకి దూకమని సలహా ఇచ్చే పెద్దలున్నారు. వాళ్ల మాట విన్నవాళ్లు రెండు వారాలు తిరక్కుండా మళ్లీ తమరి పాదాల దగ్గరే తేలుతున్నారు. అందుకే నిదానంగా వస్తున్నాం.

ముందు వెలుతురు సంగతి. తమరికున్న సిద్ధాంతం ఒక్కటే: ఎదురుగా ఏమున్నా సరే, సగటున అది మధ్యరకం బూడిద రంగులో ఉండి తీరాలి, మీద పడ్డ వెలుతురులో 18 శాతం తిరిగి పంపాలి. ఒంగోలు గిత్త ఫ్రేము నిండా నిలబడితే ఇంత తెలుపు లోకంలో ఉండదని తమరికి అనుమానం. వెలుతురు కోసేసి దాన్ని మాసిన గిత్తను చేస్తారు. పక్కనే ముర్రా గేదె నిలబడితే అంత నలుపూ నమ్మరు, వెలుతురు పోసి బూడిద గేదెను చేస్తారు. చదివినవాడికీ చదవనివాడికీ ముప్పై అయిదు మార్కులే వేసి పంపించే మేష్టారి న్యాయం తమరిది. మాట్రిక్స్ మీటరింగ్ అంటూ ఫ్రేమును ముక్కలు చేసి వెలుతురు కొలుస్తున్నారు, ఒప్పుకుంటాం, కొంత మెరుగే. ఫ్రేమంతా ఒకే రంగు వచ్చిందా, మళ్లీ పాత బుద్ధే.

విరుగుడు పెద్దదేం కాదు. డయల్‌ను 'పి' (ప్రోగ్రామ్) దగ్గరకు తిప్పాలి, వెలుతురు పెంచి దించే ప్లస్ మైనస్ గుర్తున్న బటన్ నొక్కాలి. గిత్తకు ప్లస్ 1 నుంచి 1.3, గేదెకు మైనస్ 1. లంబసింగి పొగమంచుకు ప్లస్ 0.7, లేకపోతే మంచు కాస్తా పొయ్యి పొగలా వస్తుంది. చినగంజాం ఉప్పు కుప్పలకు మిట్టమధ్యాహ్నం ప్లస్ 1.3 పెట్టి, తెరమీద తెలుపు మరీ వెలిగిపోయిందని చెప్పే హైలైట్ హెచ్చరిక మిణుకుమిణుకుమంటే ఒక మెట్టు, అంటే 0.3, దించాలి. పని కాగానే సున్నాకు తేవాలి. ఇది మరిచిపోతే గిత్త తర్వాత తీసిన ముఖాలన్నీ సున్నం కొట్టినట్టు వస్తాయి. తమరి గడిలో ఉన్నంతసేపు చాలా కెమెరాల్లో ఈ బటన్ పనిచేయదు. తమరి మాటకు ఎదురాడే వీలు లేకుండా భలే ఏర్పాటు చేసుకున్నారు.

ఇక షట్టర్, అంటే వెలుతురును లోపలికి వదిలే తలుపు ఎంతసేపు తెరిచి ఉండాలనే లెక్క. అసలు గొడవంతా ఇక్కడే.

బతుకమ్మ ఆట, మునిమాపు వేళ. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను 55 దగ్గరకు లాగితే దాని కన్ను (ఎపర్చర్) ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దది. తమరు లెక్కవేసి ఐఎస్ఓ (అందిన వెలుతురును పెంచి చూపే అంకె) 1600, షట్టర్ 1/60 సెకను ఇస్తారు. ఫలితం: తంగేడు పూలు, గునుగు పూలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు, చప్పట్లు కొట్టే చేతులు మాత్రం పొగ. మనవాడు 'లెన్స్ బాగాలేదు' అని తేల్చేసి కొత్తదాని ధర వెతుకుతాడు. ఫోటోను పెద్దది చేసి చూస్తే తప్పెవరిదో అదే చెబుతుంది. ఫ్రేమంతా ఒకే దిక్కుకు సాగినట్టుంటే చెయ్యి కదిలింది. కదలనివి స్పష్టంగా ఉండి కదిలేవే చెదిరితే షట్టర్ చాల్లేదు. ముఖం మెత్తగా ఉండి వెనకాల గోడ పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. లెన్స్‌లో చేతి వణుకును సర్దే స్టెబిలైజేషన్ మొదటి జబ్బుకే మందు. ఆడేవాళ్ల చేతులను అది పట్టి ఆపలేదు.

చప్పట్లు ఆగాలంటే 1/250 కావాలి. 1/60 నుంచి అక్కడికి వెళితే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది, ఐఎస్ఓ 6400కు ఎక్కుతుంది. నాయిస్ వస్తుంది, అంటే ఫోటో నిండా గింజలు పడతాయి, రానివ్వండి. గింజలను తర్వాత తగ్గించుకోవచ్చు, చెదిరిన చేతిని మళ్లీ కూర్చలేం. మెనూలో ఆటో ఐఎస్ఓ దగ్గర కనీస షట్టర్ 1/250 అని, ఐఎస్ఓ గరిష్ఠం 6400 అని రాసిపెట్టి, డయల్‌ను, కన్ను ఎంత తెరవాలో మనమే చెప్పే ఎపర్చర్ ప్రయారిటీకి తిప్పితే చాలు. తమరు లెక్కలు చూసుకుంటారు, హద్దులు మేం గీస్తాం. గుమస్తా పనిలో తమరికి సాటి లేరు, ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నాం.

చవకగా దొరికే 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తగిలిస్తే కన్ను కిట్ లెన్స్ కన్నా పది రెట్ల దాకా వెలుతురు తాగుతుంది. అదే 1/250కి ఐఎస్ఓ 640 సరిపోతుంది. అయితే ఇలాంటి కెమెరాల్లో ఉండే ఏపీఎస్-సి సైజు సెన్సర్ మీద రెండు మీటర్ల దూరంలో ఎఫ్/1.8 పెడితే స్పష్టంగా ఉండే లోతు అర జానెడు. పెళ్లికూతురి కన్ను దక్కుతుంది, అడుగు వెనకున్న పెళ్లికొడుకు గాలిలో కలిసిపోతాడు. ఇద్దరూ కావాలంటే ఎఫ్/8.

పెళ్లి మాట వచ్చింది కనక తలంబ్రాలు. గాల్లో గింజలు ఆగిపోయి కనబడాలంటే కనీసం 1/500. కానీ మండపం నిండా ఎల్ఈడీలు. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం లైట్లు సెకనుకు 100 సార్లు వెలిగి ఆరుతుంటాయి. 1/500లో తీస్తే ఫోటోలో అడ్డచారలు పడతాయి. ఆ లైట్లకు సరిపడేది 1/100 లేదా 1/50. గింజలు ఒకటి అడుగుతాయి, లైట్లు ఇంకొకటి ఇస్తాయి. కెమెరాలో లైట్ల మిణుకును కనిపెట్టి సర్దుకునే యాంటీ ఫ్లికర్ ఉంటే ఆన్ చేయాలి. లేకపోతే 1/100కే కట్టుబడి, దోసిళ్లు తలమీదికి లేచి వదలబోయే ఆ క్షణంలో నొక్కాలి. ఎత్తిన చెయ్యి అక్కడ ఒక్క లిప్త ఆగుతుంది. ఈ ఆగడం తమరి ప్రోగ్రాములో లేదు.

రంగుల సంగతి కొంచెమే చెప్తాం, బాధపడకండి. కార్తీక దీపాల పసుపును జబ్బుగా భావించి తెల్లగా కడిగేయడం తమరి అలవాటు. రంగుల తూకం చూసే వైట్ బ్యాలెన్స్‌ను 'ఎండ' గుర్తుకు మార్చి వదిలేస్తే దీపం దీపంలా ఉంటుంది. రంగుల షామియానా కింద అయితే ముఖం పక్కన తెల్ల కాగితం పెట్టి కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోవాల్సిందే. సెన్సర్ చూసింది చూసినట్టు దాచే రా ఫైల్‌లో తీస్తే ఇదంతా ఇంటికెళ్లాక దిద్దుకోవచ్చు. 14 బిట్ల రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 16,384 మెట్లు, మామూలు జేపెగ్‌లో 256. రా కూడా కాపాడలేనిది ఒకటుంది: ఎర్ర పట్టుచీర. వెలుతురు పంపకాన్ని గీసి చూపే మామూలు హిస్టోగ్రామ్ అంతా బాగుందనే చెబుతుంది, లోపల ఎరుపు ఒక్కటే కుడిగోడకు గుద్దుకుని మడతలన్నీ కలిసిపోయి ఎర్ర ముద్ద మిగులుతుంది. మూడు రంగులూ విడిగా చూపే హిస్టోగ్రామ్ పెట్టుకుని, ఎరుపు గోడ తాకకుండా మైనస్ 0.7 దాకా దించాలి.

ఫోకస్ విషయంలో తమరి కొత్త తరం మనుషుల కళ్లను బాగానే పట్టుకుంటోంది. పాత తరం నేలపట్టు పక్షుల కేంద్రంలో గూడబాతును వదిలేసి దానికి ముందున్న కడప చెట్టు కొమ్మను ప్రేమిస్తుంది. ఫోకస్‌కు సింగిల్ పాయింట్, అంటే ఒకే చుక్క, పెట్టి, ఆ పాయింటును పక్షి కన్ను మీదికి జరుపుకుంటాం. ఇందులో చర్చలు లేవు.

తమరితో పాటు నొక్కి పట్టుకుంటే వరసగా తీస్తూ పోయే తమరి బావమరిది బర్స్ట్ మోడ్‌నూ సెలవు మీద పంపుతున్నాం. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ స్టూడియో గాజు పలకలు 2,857ను ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రం 1989లో కొన్నది. సెకనుకు 20 ఫోటోలు తీసే నేటి కెమెరాకు అన్ని పలకలూ రెండున్నర నిమిషాల పని కూడా కాదు. ఆ రెండున్నర నిమిషాల్లో మనవాడు చూసిందేమైనా ఉందా అంటే, తీసినవాటిని కాసేపు దాచే బఫర్ నిండిపోయి కెమెరా ఎప్పుడు తేరుకుంటుందా అని చూశాడు.

అందుకని ఈ నెలకు మా ఏర్పాటు ఇది. జూమ్ రింగును 35 దగ్గర ఇన్సులేషన్ టేపుతో అంటించేస్తాం, దగ్గరగా కావాలంటే కాళ్లతో నడుస్తాం. పూటకు 24 ఫోటోలే. ఒకటే చోటు, గోల్కొండ ఫతే దర్వాజా అనుకోండి: పొద్దున ఏటవాలు ఎండలో తలుపు మీది ఇనుప మేకుల నీడల కోసం ఒకసారి, అదే తలుపు కింద బస్సులూ ఆటోలూ దూరే రద్దీలో 1/15 పెట్టి ఒకసారి. గోడ నిలబడాలి, బండ్లు సాగిపోవాలి, మోచేతులు పక్కటెముకలకు ఆనాలి. మర్నాడు పెద్ద తెర మీద ఎగ్జిఫ్ (ఫోటోతో పాటు నమోదయ్యే సెట్టింగుల చిట్టా) తెరిచి, పోయిన ప్రతిదాని పక్కనా చెయ్యి, షట్టర్, ఫోకస్, లేదా 'తీయాల్సిన పనే లేదు' అని రాసుకుంటాం. ఈ నాలుగో గడే తొందరగా నిండుతోంది, దాన్ని ఏ సెట్టింగూ ఖాళీ చేయదు.

తమరిని పూర్తిగా ఇంటికి పంపడం లేదు. దారినపోయేవారి చేతికి కెమెరా ఇచ్చి 'మా అందరిదీ ఒకటి తీసిపెట్టండి' అన్నప్పుడు డయల్ తమరి దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
తమరి మాజీ కూలీలు

తా.క.: చీకటి పడగానే అడగకుండా లేచి కూర్చునే ఆ బుల్లి ఫ్లాష్ గురించి. దాని శక్తిని చెప్పే గైడ్ నంబరు 12 అనుకుంటే ఐఎస్ఓ 100, ఎఫ్/4 దగ్గర అది చేరేది 3 మీటర్లు. గోల్కొండ సౌండ్ అండ్ లైట్ షోలో వెనక వరుస నుంచి కొడితే కోటకు ఒరిగేదేమీ లేదు, ముందు వరుసలో ఆయన బట్టతల మాత్రం దేదీప్యమానంగా వస్తుంది. దగ్గరివాళ్లకు వాడాల్సి వస్తే ముందు లెన్స్ మూతికి తగిలించిన హుడ్ తీసేయాలి, లేకపోతే ఫోటో అడుగున అర్ధచంద్రాకారపు నీడ పడుతుంది.