అవతలివాడు లేనప్పుడే అసలైన చర్చ

మత చర్చ మర్యాదగా సాగాలంటే ఒకటే నియమం. అవతలి మతంవాడు అక్కడ ఉండకూడదు. విశాఖ బీచ్ రోడ్డులో పొద్దున్నే నడిచే పెద్దమనుషులు ఈ నియమాన్ని ఎంత నిష్ఠగా పాటిస్తారో చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కాళీమాత గుడి దగ్గర ఇస్లాం మీద మొదలైన చర్చ సబ్‌మెరైన్ మ్యూజియం దాటేలోపే తేలిపోతుంది. బృందంలో ముస్లిం ఒక్కడూ ఉండడు కాబట్టి ఎవరి మనసూ నొచ్చుకోదు. ఆ పక్క బెంచీ మీద ఇంకో బృందం విగ్రహారాధన సంగతి అంతే గౌరవంగా తేల్చేస్తుంటుంది. అక్కడ విగ్రహానికి దణ్ణం పెట్టేవాడు ఒక్కడూ ఉండడు.

ఖర్మ కాలి అవతలివాడు ఎదురుగా వచ్చి కూర్చుంటే? దానికీ పూర్వులు ఏర్పాటు చేసే వెళ్లారు. గౌతమ మహర్షి తర్కశాస్త్ర గ్రంథం న్యాయసూత్రాల చివరి అధ్యాయంలో, వాదంలో ఓడిపోయే దారులు 22 లెక్కపెట్టి ఇచ్చారు. నిగ్రహస్థానాలంటారు. ఇవి చేయకండిరా అని ఆయన రాసి పెడితే మనం సిలబస్‌గా తీసుకున్నాం. "మీ దగ్గర మాత్రం లేదేటి?" అని ఎదురు తిరగడం మతానుజ్ఞ. అడిగింది వదిలేసి ఇంకోటి ఎత్తుకోవడం అర్థాంతరం. నాకు బాగా ఇష్టమైనది విక్షేపం, అంటే పని ఉందని చెప్పి వాదం మధ్యలో లేచిపోవడం. "దేవుడు దయామయుడైతే పసిపిల్లలకు రోగాలెందుకు మాస్టారూ?" అని ఓ కుర్రాడు నిజంగానే తెలుసుకుందామని అడిగాడనుకోండి. మాస్టార్లందరికీ ఒకేసారి పాల ప్యాకెట్లు గుర్తొస్తాయి.

అదీ కుదరకపోతే బ్రహ్మాస్త్రం ఉండనే ఉంది. "అన్ని మతాల సారం ఒకటేనండీ." చచ్చాక మళ్లీ పుడతామనేవాడూ, తీర్పు రోజు కోసం ఎదురుచూసేవాడూ, సృష్టికర్తే అక్కర్లేదన్న జైనుడూ, ఆత్మే లేదన్న బౌద్ధుడూ ఒకే మాట చెప్పారని ఆ ఒక్క ముక్కతో తేలిపోతుంది. నలుగురిలో ఏ ఒక్కరు చెప్పిందీ వినక్కర్లేదు. వినకుండా గౌరవించడంలో ఉన్న సుఖం విని గౌరవించడంలో ఎక్కడిది? వింటే, మన నమ్మకం తప్పని అతను అనుకుంటున్న సంగతి తెలిసిపోతుంది. తెలిశాక కూడా టీ ఇప్పించాలి.

తిండి విషయంలో మాత్రం మనకు దాపరికాలు లేవు. రంజాన్‌కు సేమ్యా, క్రిస్మస్‌కు కేకు, సంక్రాంతికి అరిసెలు గోడ దాటుతూనే ఉంటాయి. కొట్టుకోవడం కన్నా ఇది ఎంతో నయం, వెటకారానికి అనడం లేదు. కాకపోతే పక్కింటి బిర్యానీలో షాజీరా ఎంత పడుతుందో మనకు తెలుసు, పక్కింటాయన ఉపవాసం ఎందుకుంటాడో తెలీదు. అడిగితే బాగుండదట.

ఇలా ఉండడానికి మనకు చారిత్రక హక్కు కూడా ఉంది. సొంత మతాన్ని పొగుడుకుంటూ ఎదుటి మతాన్ని తిట్టొద్దు, నోరు అదుపులో పెట్టుకోండి, ఇతరుల ధర్మం ఏమంటుందో వినండి అని అశోకుడు 12వ శిలాశాసనంలో చెప్పాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అది ఉంది. కళింగంలోని ధౌలి, జౌగడలో మాత్రం 11, 12, 13 శాసనాలు మానేసి వేరే రెండు చెక్కించాడు. 13వది కళింగ యుద్ధం మీద పశ్చాత్తాపం కాబట్టి, దెబ్బతిన్నవాళ్ల ముందు పెట్టడం బాగోదనుకున్నాడేమో. 12వది ఎందుకు మానేశాడంటే, మన సంగతి తెలిసే అని నా అభిప్రాయం. విశాఖ ఆ కళింగంలోదే. కనుక ఎదుటివాడి మాట వినాలన్న ఉత్తర్వు మనకు వర్తించదు. వింటే కర్నూలువాళ్లు వినాలి.

ఆ శాసనం ఇప్పుడైనా ఇక్కడ చెక్కిద్దామని ఎవరికైనా బుద్ధి పుడితే, హార్బరు దగ్గర మూడు కొండలు పక్కపక్కనే సిద్ధంగా ఉన్నాయి. ఒకదాని మీద వెంకటేశ్వరుడి గుడి, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి. ఏ కొండ మీద చెక్కించాలో తేల్చడానికి ఓ కమిటీ వేయాలి. అందులో మూడు అభిప్రాయాలు వస్తాయని ఇప్పుడే చెప్పగలను. వాటిలో రెండు వినక్కర్లేదు.