కలిపితే పాట పెరుగుతుందా, పలచబడుతుందా?

నానా దేశాల జానపద బాణీలను కలిపి వాయించే బ్రాస్ బ్యాండ్ల గురించి ఒక జానపద సంగీత పరిశోధకురాలికీ, అలాంటి బృందంలో ట్రంపెట్ వాయించే కళాకారుడికీ మధ్య వాదం ఇది.

పరిశోధకురాలు: బాల్కన్ దేశాల నాట్య బాణీ చోచెక్, న్యూ ఆర్లియన్స్ ఊరేగింపు బాణీ, పంజాబీ భాంగ్రా, యూదుల క్లెజ్మర్. నాలుగూ ఒకే కచేరీలో వాయిస్తారు. హుషారుగానే ఉంటుంది. కానీ చివరికి నాలుగూ ఒకేలా వినిపిస్తాయి. నా అభ్యంతరం అదే.

కళాకారుడు: అవి విడివిడిగా పుట్టాయనీ, మేమొచ్చి కలిపామనీ అనుకుంటున్నారు. ఒట్టోమన్ సుల్తాన్ రెండవ మహమూద్ 1826లో జానిసరీ అనే సైనిక దళాలను రద్దు చేశాడు. సన్నాయి లాంటి జుర్నాలు, నగారాలు మోగించే వాళ్ల మెహ్తర్ మేళం కూడా వాటితోపాటే పోయింది. 1828లో ఇటలీ నుంచి జుసెప్పే డోనిజెట్టి అనే సంగీతకారుడు వచ్చి ఐరోపా తరహా సైనిక బ్యాండును తయారుచేశాడు. బాల్కన్‌లోని రోమా (జిప్సీ) కళాకారులు అలాంటి బ్యాండ్ల ఇత్తడి వాద్యాలను పెళ్ళిళ్ళలోకి తెచ్చి, జుర్నా పలుకును ట్రంపెట్ మీదికి ఎక్కించారు. చోచెక్ పేరే ఒట్టోమన్ల కోచెక్ నాట్యం నుంచి వచ్చింది. ఇందులో కలవనిది ఏదండీ?

పరిశోధకురాలు: కలపకూడదని నేను అనలేదు. వాళ్ళు తరాల తరబడి, నాట్యం చేసేవారి ఎదుట వాయిస్తూ కలిపారు. లయ తప్పితే అడుగులు ఆగిపోయేవి. మీకు ఆ కాపలా లేదు. చోచెక్‌లో తొమ్మిది మాత్రల నడక ఉంది: రెండు, రెండు, రెండు, మూడు. చివరి మూడు దగ్గర అడుగు కాస్త ఎక్కువసేపు నిలుస్తుంది. అందమంతా అక్కడే. భాంగ్రా డోలుకు సరిపెట్టడానికి దాన్ని ఎనిమిదికి కోసేస్తే ఇక మిగిలేది ఏమిటి?

కళాకారుడు: కోసేవారి తరఫున మాట్లాడను. డోలు వాయించేవాడు తొమ్మిది నేర్చుకోవాలి, అంతదాకా ఆ పాట వేదిక ఎక్కకూడదు. కానీ డోలు అలంకారం మాత్రమే అనుకోకండి. 2008లో బ్రూక్లిన్‌లో మొదలైన రెడ్ బరాత్ బ్యాండును వినండి. దాని నాయకుడే డోలు వాయిస్తాడు.

పరిశోధకురాలు: మరి స్వరం? టర్కీ మకామ్‌లలో, అంటే అక్కడి రాగాలలో, పన్నెండు స్వరస్థానాల నడుమ పలికేవి ఉన్నాయి. మూడు వాల్వుల ట్రంపెట్ వాటిని ఎలా పలుకుతుంది?

కళాకారుడు: వాల్వులు పలకవు, పెదవి పలికిస్తుంది. దాని బిగువు మార్చి స్వరాన్ని వంచుతాం. ట్రాంబోన్‌కైతే జారే గొట్టమే ఉంది. పైగా హిజాజ్ మకామ్, క్లెజ్మర్‌లోని ఫ్రెయ్‌గిష్ అనే స్వరక్రమం దగ్గరి చుట్టాలు. రెండింటి మొదటి నాలుగు స్వరాలూ దాదాపు మన మాయామాళవగౌళ పూర్వాంగమే. వాటిని పక్కపక్కన వాయించడం బలవంతపు పెళ్ళి కాదు.

పరిశోధకురాలు: సరే, అసలు మాటకు వస్తాను. ఒక రోమా వాద్యకారుడు కట్టిన పాట రికార్డు అట్ట మీద ‘సంప్రదాయ గీతం’ అయిపోతుంది. పేరు లేకపోతే రాయల్టీ కూడా అతనికి చేరదు.

కళాకారుడు: ఇక్కడ మీతో వాదం లేదు. ఎవరి దగ్గర నేర్చుకున్నామో వారి పేరు రాయాలి, వాటా పంపాలి, వీలైతే వారినే పిలిచి వేదిక మీద వాయింపజేయాలి. కానీ ఆ పాపం కలపడానిది కాదు, దాచడానిది.

పరిశోధకురాలు: నాలుగు బాణీలు ఒకే పాటలో చేరినప్పుడు దాచడం మరీ తేలిక. ఏది ఎవరిదో శ్రోతకు ఎలా తెలుస్తుంది? ముందు చోచెక్‌ను తొమ్మిదిలోనే, పూర్తిగా, ఒంటరిగా వినిపించండి. ఎవరిదో చెప్పండి. ఆ తర్వాతే డోలును పిలవండి.

కళాకారుడు: అలాగే చేస్తాం. డోలు కూడా తొమ్మిదిలోనే వస్తుంది. మీరు చివరిదాకా కూర్చుని వినండి, ఏది పోయిందో అప్పుడు చెప్పండి.