క్రీట్ చెరువులో బుల్‌ఫ్రాగ్‌ని ఎవరు వదలమన్నారు?

గ్రీస్‌కి చెందిన క్రీట్ దీవిలో తప్ప ఇంకెక్కడా దొరకని నీటి కప్ప ఒకటుంది. పెలోఫిలాక్స్ క్రీటెన్సిస్ అంటారు. 1994 దాకా దాన్ని వేరే జాతిగా కూడా ఎవరూ గుర్తించలేదు, యూరప్‌లో విరివిగా కనిపించే మార్ష్ కప్పల ఖాతాలోనే వేసేశారు. ఇప్పుడు అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలో దాని పేరు రాగానే అందరూ వాతావరణ మార్పు, కరువు అంటూ మొదలుపెడుతున్నారు. అబద్ధమేం కాదు. అక్కడ వానలన్నీ చలికాలంలోనే, వేసవిలో మిగిలిన కాసిని నీళ్లకి ఆలివ్ తోటలూ హోటళ్లూ పోటీ. కానీ నాకు ఒళ్లు మండేది ఇంకో సంగతికి. ఖనియా పట్నం దగ్గర అగియా అనే సరస్సు ఉంది, 2000 ప్రాంతంలో మనుషులే అమెరికన్ బుల్‌ఫ్రాగ్‌లను తెచ్చి అందులో వదిలారు. వాన పడకపోతే ఎవర్నీ నిలదీయలేం. దీనికి నిలదీయొచ్చు కదా?

ఆ రెండు కప్పల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. క్రీట్ కప్ప 8 సెంటీమీటర్లు పెరిగితే గొప్ప. మగది అరిచేటప్పుడు నోటికి రెండు పక్కలా రెండు చిన్న బుడగలు ఉబ్బుతాయి, గట్టు మీద అడుగుల చప్పుడు వినిపిస్తే చాలు బుడుంగున నీళ్లలో పడుతుంది. బుల్‌ఫ్రాగ్ దాదాపు జానెడు. నోట్లో పట్టేది ఏదైనా మింగేస్తుంది, సాటి కప్పలతో సహా. ఒక్క ఆడది ఒక్క విడతలో 20 వేల దాకా గుడ్లు పెట్టగలదు. పైగా కప్పల్ని చంపే కైట్రిడ్ అనే శిలీంధ్రాన్ని ఒంటి మీద మోస్తూ తను మాత్రం సుబ్బరంగా తిరుగుతుంది. ఇన్ని ఉన్నదాన్ని తీసుకెళ్లి, ఎంచడానికి మూడంటే మూడు ఉభయచర జాతులున్న దీవిలో పడేశారు. ఈ నీటి కప్ప, ఒక చెట్టు కప్ప, ఒక ఆకుపచ్చ గోదురు కప్ప, అంతే అక్కడున్నవి.

దీవి కప్ప అంటే ఏమిటో ఇక్కడే తెలియాలి. సుమారు 53 లక్షల ఏళ్ల కిందట, చాలావరకు ఎండిపోయి ఉన్న మధ్యధరా సముద్రంలోకి అట్లాంటిక్ నీళ్లు మళ్లీ పొంగి వచ్చాయి. దాంతో క్రీట్‌కి, ప్రధాన భూభాగానికి మధ్య దారి మూసుకుపోయింది. కప్ప చర్మం ఉప్పునీటిని తట్టుకోదు, ఈదుకుంటూ పోయే మాటే లేదు. అప్పట్నుంచి ఈ కప్పకి ఆ దీవే లోకం, అక్కడి వాగులూ కాలవలే ఇల్లు. ఆ ఎడబాటు ఎంత కచ్చితమైనదంటే, ఈజియన్ సముద్ర ప్రాంతపు కప్పల జన్యువులు ఎంత వేగంగా మారతాయో లెక్కగట్టడానికి శాస్త్రవేత్తలు దాన్నే గడియారంగా పెట్టుకున్నారు. ఇక్కడ పోయిన కప్పల్ని మళ్లీ పెంచుకుందామంటే పక్క దేశంలో విత్తనం దొరకదు, ఏ ధర పెట్టినా దొరకదు.

బుల్‌ఫ్రాగ్ ఉన్నది దీవి పడమటి మూల ఒక్కచోటే కదా, మిగతా చోట్ల మన కప్ప బాగానే అరుస్తోంది కదా అనేవాళ్లున్నారు. అగియా సరస్సే మనుషులు కట్టుకున్నది, అందులో ప్రకృతి ఎక్కడిదని ఇంకో వాదన. క్రీట్ కప్పకి సరస్సు ఎవరు కట్టారన్నది అనవసరం, నీళ్లుంటే చాలు, సాగు కాలవల్లో కూడా అది బతికేస్తుంది. ఇక ఒక్కచోటే ఉందంటారా, ఒక్కచోట ఉన్నప్పుడే పట్టాలి. దీవంతా పాకాక పట్టేదేముంది?

మనకెందుకీ గ్రీసు గోల అనుకుంటే అండమాన్ వైపు చూడండి. తొలకరికి పసుపు పూసుకున్నట్టు మెరిసిపోతూ, నీలి బుడగలు ఉబ్బిస్తూ వాట్సాప్‌లో చక్కర్లు కొట్టే మన బోదురు కప్ప ఉంది చూశారూ, అండమాన్‌లో అదే విలన్. దానికి అక్కడ పుట్టిల్లు లేదు. ప్రధాన భూభాగం నుంచి పెంపకానికి తెప్పించుకున్న చేపపిల్లల్లో కలిసిపోయి వెళ్లింది. అక్కడి కప్పల తోకకప్పల్ని దీని తోకకప్పలు తినేస్తాయని ప్రయోగాల్లోనే తేలింది. మన పొలం గట్టు మీద నేస్తంలా తిరిగేది దీవికి చేరేసరికి అగియా బుల్‌ఫ్రాగ్ అయి కూర్చుంది. తప్పు కప్పది కాదు, చేపపిల్లల కవరు కట్టినవాడిది, కట్టేటప్పుడు చూడనివాడిది.

అసలు మన దగ్గర నీళ్లలో ఏం వదులుతున్నారో చూసే అలవాటే లేదు. ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ని నిషేధించి ఏళ్లు గడిచినా దాడులు జరిగినప్పుడల్లా కోడి వ్యర్థాలు మేపుతున్న చెరువులు ఎక్కడో ఒకచోట బయటపడుతూనే ఉంటాయి. తెలంగాణలో 2016 నుంచి ఉచిత చేపపిల్లల పంపిణీ నడిచింది. మంచి పథకమే, మత్స్యకారులకి ఆసరా, కాదనను. కానీ ప్రతి ఏడూ వార్తల్లో ఎన్ని కోట్ల పిల్లల్ని వదిలారన్న లెక్కే, నాయకులు కవరు విప్పి చెరువులో ఒంపుతున్న ఫొటోలే. ఆ కవర్లో కట్ల, రవ్వతో పాటు ఇంకేం వచ్చాయని అడిగిన రిపోర్టర్ నాకింతవరకు కనబడలేదు. అందరూ ఇష్టంగా కొనుక్కునే బంగారు తీగ కూడా బయటి దేశం నుంచి వచ్చిందే, ఆ సంగతి ఎవరికీ గుర్తే లేదు.

యూరోపియన్ యూనియన్ 2016లో బుల్‌ఫ్రాగ్‌ని ప్రమాదకర చొరబాటు జాతుల జాబితాలో పెట్టింది. అప్పటికే అది అగియాలో దిగి పదిహేనేళ్ల పైమాటే. మనం అలా చట్టం కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు. కైకలూరు లాంటి చేపల కేంద్రంలో చేపపిల్లల్ని లారీ ఎక్కించే ముందే శాంపిల్ కవర్లు విప్పి, తెల్ల ట్రేలో ఒంపి చూసి, తర్వాతే సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాలి. ఉబ్బిన తల, సన్నటి తోక ఉన్న తోకకప్పకీ చేపపిల్లకీ తేడా చేపలు పెంచేవాడికి ఒకరు నేర్పాలా? అండమాన్ ఓడకి వెళ్లే సరుకుకైతే శాంపిల్ చాలదు, ప్రతి కవరూ విప్పాల్సిందే, దొరికితే ఆ హేచరీ లైసెన్సు రద్దు చేయాల్సిందే.