బర్డ్ ఫీడర్ గారికి బహిరంగ లేఖ

మా జామచెట్టుకు వేలాడుతూ పక్షులకు గింజలు పెట్టే ప్లాస్టిక్ బర్డ్ ఫీడర్ గారి దివ్యసముఖానికి,

నమస్కారాలు. మా అత్తగారు ఊరమిరపకాయల పళ్ళెం మొత్తం ఇందాకే చెత్తబుట్టలో పోయించారు. పెరుగులో ఊరి, నెల్లూరు ఎండకు గలగలలాడుతున్న మిరపకాయల మీద తమరి అతిథులు రెట్టలు వేసిపోయారు మరి. భోజనం తమరి దగ్గర, మిగతా కార్యక్రమం మా మేడ మీద.

తమరి అట్టపెట్టె మీద బొమ్మ ఎవరిదండీ? పిచ్చుకది. వచ్చిందెవరు? పావురాలు. సజ్జలు సీసాలోంచి జారి సాసర్లో పడతాయి, బాగానే ఉంది. ఆ సాసరేమో పావురానికి కొలతలు తీసి చేయించినట్టుంది. ఎక్కి కూర్చుని, నచ్చిన గింజ దొరికేదాకా మిగతావన్నీ ముక్కుతో విసిరేస్తుంది. కింద పడ్డవాటికి రాత్రిపూట పందికొక్కులు. అబద్ధమెందుకు, ఒక పిచ్చుకా వచ్చింది. పెళ్ళిలో బంతి ఎప్పుడు లేస్తుందా అని నిలబడ్డవాడిలా గోడ మీంచి చూసి చూసి ఎగిరిపోయింది.

నవంబరు వాయుగుండానికి తమరి కడుపులో సజ్జలు మొలకెత్తిన సంగతి వదిలేస్తున్నా. ఉడుత మూత కొరికిన సంగతి కూడా.

వరికుచ్చు సంగతి మాత్రం వదలను. కోవూరు దగ్గర మా తాతగారింట్లో కోతలప్పుడు కంకులు పక్కన పెట్టి, కుచ్చుగా అల్లి, వసారా దూలానికి కట్టేవాళ్ళు. పిచ్చుక కంకి పట్టుకుని తలకిందులుగా ఊగుతూ, వడ్లగింజను ముక్కులో నలిపి బియ్యం మింగేది. ఊకేమో కింద పడుకున్న తాత మొహం మీద రాలేది. పావురాన్ని ఆ పని చేసి చూపించమను! మూత లేదు, సాసరు లేదు, రివ్యూలు అసలే లేవు.

ఇప్పుడు కోత మిషను దిగితే కంకి ఎక్కడిది? వడ్లొకపక్క, నలిగిన గడ్డి ఒకపక్క. గూడు పెట్టుకుందామంటే గోడల్లో సందు లేదు. పిచ్చుక తన పిల్లల నోట్లో పెట్టేది పురుగుల్ని, సజ్జల్ని కాదు. ఆ పురుగులకేమో మందు కొట్టేశాం. ఇవన్నీ అయ్యాక మార్చి 20న పిచ్చుకల దినోత్సవమని స్టేటస్‌లు, డిస్కౌంటులో నువ్వు!

ఇక విను. నీకు గింజలు బంద్. ఆ సాసర్లో నీళ్ళు పోస్తా. ఈ ఎండల్లో ఎవరు తాగితే వాళ్ళు తాగనీ, పావురమైనా సరే. మా నెల్లూరు రెండో పంట ఎడగారు కోతలకు నాలుగు కంకులు కొడవలితో కోసిపెట్టమని మా చిన్నాన్నకు చెప్పా. అల్లేవాళ్ళు దొరకాలి. అల్లిన కుచ్చులు కూడా ఆన్‌లైన్‌లో ఉన్నాయంట, నీ పక్కనే, పావురాలు రావని గ్యారంటీతో.