దొందూ దొందేనా? ఎంత మాట!

టయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ రెండూ ఒకటే కారని ఈ మధ్య కొందరు బాధ్యత లేకుండా మాట్లాడుతున్నారు. అందులో మా ఆవిడ కూడా ఉండటం నా దురదృష్టం. మొదటిది నాది, రెండోది మా బావమరిదిది. డల్లాస్‌లో ఒకే వీధిలో ఉంటాం, సంక్రాంతికి ఒకే పళ్ళెంలో అరిసెలు తింటాం. కానీ ఈ కార్ల దగ్గరికొచ్చేసరికి మాది సిద్ధాంత వైరం.

నిజమే, రెండూ జపాన్‌లోని గున్మాలో సుబారు వారి ఫ్యాక్టరీలోనే పుడతాయి. రెండింటికీ అదే 2.4 లీటర్ల ఇంజిను, అదే 228 హార్స్‌పవర్. సిలిండర్లు ఇటు రెండూ అటు రెండూ నేలబారుగా పడుకుని ఉంటాయి కాబట్టి బరువంతా కిందికి దిగి, బండి మలుపుల్లో రోడ్డును కరుచుకుని పోతుంది. తలుపులు ఒకటే, కప్పు ఒకటే, సీట్లు ఒకటే. అంతమాత్రాన ఒకే బండి అనేస్తారా? ఒకే గిన్నెలో పిండి పంచుకున్నా మా పెనం మీద అట్టూ, వాళ్ళ పెనం మీద అట్టూ ఒకటవుతాయా?

పైగా ఆ ఇంజిన్లో పిస్టన్ అటూ ఇటూ కదిలే దూరం సరిగ్గా 86 మిల్లీమీటర్లు. అంటే నా కారు పేరు వాడి కారు గుండెలో రాసి ఉందన్నమాట. ఈ మాట అన్నప్పుడల్లా వాడు "ఆ ఇంజిను చేసింది మా సుబారు కదా బావా" అని అడ్డం వస్తాడు. ఇంజినుతో నాలుగు చక్రాలూ తిప్పడంలో పేరుమోసిన సుబారు, వీడి కారుకు మాత్రం వెనక రెండింటితోనే సరిపెట్టిందని నేను గుర్తుచేస్తాను. నాదీ అంతేగానీ, నాది సుబారు కాదుగా.

అసలు తేడా కింద ఉంది. మలుపులో బండి ఒరిగిపోకుండా పట్టి ఉంచే కడ్డీ వెనకవైపు నా కారులో 15 మిల్లీమీటర్ల మందం, వాడి కారులో 14. బియ్యపు గింజంత కూడా లేదని మా ఆవిడ తీసిపారేసింది. ఆ మిల్లీమీటరుకు తోడు నా వెనక స్ప్రింగులు గట్టివి, వాడికి ముందు స్ప్రింగులు గట్టివి. అందుకే తడి రోడ్డు మీద మలుపులో కాస్త గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే నా కారు తోక ఊపుతుంది. వాడిది ముక్కు ఎటు పెడితే అటు, గంగిగోవులా బుద్ధిగా పోతుంది. పొడి రోడ్డు మీద, స్పీడ్ లిమిట్‌లో, ఈ తేడా నాకు ఒక్కసారి కూడా తెలియలేదు. తెలిసినట్టు ముఖం పెట్టడం మాత్రం వచ్చేసింది.

2012 నాటి మొదటి తరం కార్లకైతే ప్రియస్ అనే పొదుపు కారుకు కూడా వేసే టైర్లే వేశారు. పిసినారితనం కాదు. పట్టు తక్కువైతే తక్కువ వేగంలోనే జారుతూ సరదా పడొచ్చని కావాలని చేసిన పని. పాలలో నీళ్ళు పోసి, తేలిగ్గా అరుగుతాయని చెప్పినట్టు ఉంది గానీ, నడిపితే వాళ్ళన్నదే నిజం.

చివరికి తటస్థ న్యాయనిర్ణేత కావాల్సి వచ్చింది. గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారిని రెండు కార్లలోనూ వెనక సీట్లో కూర్చోబెట్టి, ఒకే మలుపు చెరో రెండుసార్లు తిప్పాం. స్ప్రింగుల సంగతి, కడ్డీ సంగతి ముందే వివరంగా చెప్పాను. ఆవిడ దిగి, చీర సర్దుకుని, చాలాసేపు ఆలోచించారు.

"రెండిట్లోనూ మోకాలు గడ్డానికే తగిలింది బాబూ" అన్నారు.

ఆ సాక్ష్యాన్ని నేనూ బావమరిదీ ఏకగ్రీవంగా రికార్డుల నుంచి తొలగించాం.