మహారాజశ్రీ ట్యాంకు సెండింగ్ యూనిట్ గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ సెండింగ్ యూనిట్ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాదే గాని, ట్యాంకులోని క్షేమసమాచారం నాకు తెలియజేయవలసిన ముల్లు ఎన్నో నెలలుగా సగం గీత మీద కూర్చుని కదలడం మానేసినందున, ఆ మాట వ్రాయడానికి మనసు రావడం లేదు. నిండా పోయించినా సగమే, రోజంతా తిరిగినా సగమే. ఉన్నా లేకున్నా ఒక్కలాగే చూడగలిగే స్థితప్రజ్ఞత యోగులకు శోభిస్తుంది గాని, ట్యాంకులో వేలాడుతూ పెట్రోలు ఎంత ఉందో డాష్‌బోర్డులోని ముల్లుకు చెప్పవలసిన పరికరానికి కాదు. తమరి సగాన్ని నమ్మి బయలుదేరిన నేను నడిరోడ్డు మీద ఖాళీ డబ్బా పట్టుకుని నడిచిన దృశ్యం, తమరు లోపలే ఉండిపోయినందున, చూసి ఉండరు.

తమరు చేసే పని బ్రహ్మవిద్య ఏమీ కాదు. ఒక సన్నని చేయి, దాని కొసన ఒక ఫ్లోటు. పెట్రోలుతో పాటు ఫ్లోటు పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది. ఆ కదలికకు చేయి రెండో కొసన ఉన్న చిన్న రేకు, చుట్టచుట్టిన నిరోధపు తీగ మీద జరుగుతుంది. డాష్‌బోర్డులోని గేజ్ నుంచి వచ్చిన కరెంటు ఆ తీగ గుండా ఎర్తుకు చేరుతుంది. ఎంత నిరోధం అడ్డుపడిందో దాన్నిబట్టి ముల్లు నిలుస్తుంది. ఇంత చిన్న పని చేసే తమరికి ఇన్ని అవతారాలు ఎందుకన్నదే నా ఫిర్యాదు.

తమరి మీద నింద మోపే ముందు గేజ్‌ను విచారించాననే సంగతి కూడా మనవి చేసుకుంటున్నాను. ట్యాంకు దగ్గర వైరు ఊడదీస్తే ముల్లు ఫుల్ గీత దాటి పోయింది. అదే వైరును ఛాసిస్‌కు, అంటే బండి ఇనుప చట్రానికి, తాకిస్తే ఖాళీకి పడిపోయింది. నిరోధాన్ని ఓమ్‌లలో కొలుస్తారు; నా గేజ్ 0 ఓమ్‌లను ఖాళీగానూ, 90 ఓమ్‌లను నిండుగానూ చదివే జాతికి చెందినది కనుక, దాని ధర్మం అది తప్పలేదు. దోషి తమరేనని తేలింది.

అక్కడ నుంచి నా తీర్థయాత్ర మొదలైంది. బండి తయారైన సంవత్సరం, మోడల్ చెబితే అమ్మేవారు క్షణం కూడా ఆలోచించకుండా ‘సరిపోతుంది’ అన్నారు. ఆ మాటకు వారి నిఘంటువులో అర్థం ‘డబ్బాలో పడుతుంది’ అని నాకు తరువాత తెలిసింది. వచ్చిన యూనిట్‌కు మూడు గొట్టాలున్నాయి: ఇంజిన్‌కు పోయేది ఒకటి, మిగిలిన పెట్రోలు తిరిగి వచ్చేది ఒకటి, ఆవిరి పోయేది ఒకటి. నా బండికి ఉన్నవి రెండే. మూడో గొట్టాన్ని ఎక్కడ తగిలించాలని అడిగితే, దానికి బిరడా పెట్టుకోమని సలహా వచ్చింది. మంచి సలహాయే కావచ్చు. కానీ చేయి పొడవు కూడా నా ట్యాంకు లోతుకు మించి ఉంది. దానికి బిరడా లేదు.

సంవత్సరం చెప్పినంత మాత్రాన తమరు దొరకరని అప్పుడే నాకు తెలియవలసింది. ఒకే ఆకారంలో 1973 నుంచి 1987 వరకు వచ్చిన జీఎం (అమెరికా కంపెనీ జనరల్ మోటార్స్) పికప్పు ట్రక్కులనే తీసుకుంటే, కొన్నింటికి 16 గ్యాలన్ల ట్యాంకు, కొన్నింటికి 20 గ్యాలన్లది, కొన్నింటికి ఇరువైపులా రెండు ట్యాంకులు. చివరి ఏడాది ఇంజెక్షన్ ఇంజిన్లు వచ్చి, విద్యుత్ పంపు కాస్తా ట్యాంకులో తమరి పక్కనే కాపురం పెట్టింది. బయటి రేకు మాత్రం అన్నింటికీ ఒక్కలాగే కనిపిస్తుంది. దీనికి తోడు, పాత ట్రక్కును ఏలిన పూర్వపు యజమానులు ఎవరికి దొరికిన ట్యాంకును వారు బిగించి వెళ్లి ఉంటారు గనుక, రిజిస్ట్రేషన్ కాగితంలో ఉన్న బండి వేరు, కింద వేలాడే ట్యాంకు వేరు.

రెండో యూనిట్ అంగుళం తేడా లేకుండా అమరింది. గొట్టాలు రెండే, లోతు సరిగ్గా ఉంది, యూనిట్‌ను ట్యాంకుకు బిగించే లాక్ రింగు ఒక్క దెబ్బకు కూర్చుంది. నిండా పోయించి తాళం తిప్పితే ముల్లు ఖాళీ గీతకు కాస్త పైన ఆగింది. తిరిగినకొద్దీ అది పైకి లేవసాగింది! నడిచేకొద్దీ పెట్రోలు ఊరే అక్షయపాత్ర నా ఇంట వెలసిందని రెండు రోజులు పొంగిపోయాను. సంగతి ఏమిటంటే, ఆ వచ్చినవారు ఫోర్డు బండ్లలో చాలాకాలం నడిచిన సంప్రదాయం వారు: ఖాళీకి 73 ఓమ్‌లు, నిండుకు 10. వారు ‘నిండుగా ఉన్నాను’ అని సత్యమే పలుకుతుంటే, నా గేజ్ తన భాషలో దాన్ని ‘అయిపోవచ్చింది’ అని వింటోంది. అమ్మినవారు గొట్టాలు లెక్కపెట్టారు గాని, ఏ భాష వచ్చునో అడగలేదు.

ఇక ‘అన్ని బండ్లకూ పనికివచ్చేది’ అని చెప్పుకునే రకం ఒకటుంది. అది ఖాళీకి 240, నిండుకు 33 అంటుంది. నా గేజ్‌కు తగిలిస్తే నిండు ట్యాంకు మూడో వంతుగానూ, ఖాళీ ట్యాంకు ఫుల్‌ను దాటినట్టుగానూ కనిపిస్తుంది. గేజ్‌ను కూడా మార్చుకునే పక్షంలో అది నిజంగానే అన్ని బండ్లకూ పనికివస్తుంది.

ఇన్ని జరిగాక గాని నాకు బుద్ధి రాలేదు. మూల పడేసిన తమరి పాత శరీరాన్ని తెచ్చి పాత గుడ్డ మీద పడుకోబెట్టాను. కీలు దగ్గర గోధుమరంగు తుప్పు గడ్డకట్టి, చేయి సగం ఎత్తులో బిగుసుకుపోయి ఉంది. నిరోధం కొలిచే మల్టీమీటర్ పెడితే 44 ఓమ్‌లు. వేలితో నెమ్మదిగా వదులు చేయగా, తుప్పు పొడిగా రాలి, చేయి కిర్రుమంటూ కదిలింది. అడుగున 2, పైన 88. మధ్యలో రెండుచోట్ల అరిగిన తీగ మీద అంకె మాయమై మళ్లీ వచ్చింది. మళ్లీ బిగించడానికి పనికిరారు గాని, తమరి జాతి, భాష, చేయి పొడవు, ట్యాంకు పైన బిగించే పళ్లెం నుంచి అడుగుదాకా లోతు, గొట్టాల వ్యాసం, అవి ఏ వైపు వంగాయో, అన్నీ ఆ శవమే చెప్పింది. తమరు అంత వివరంగా సాక్ష్యమిచ్చింది మరణానంతరమే.

ఆ కొలతలు పట్టుకుని అడిగితే మూడో యూనిట్ వచ్చింది. వారిని పెట్టెలోంచి తీయగానే మీటర్‌తో పరీక్షించి, ఆ తరువాతే ట్యాంకు దించాను. లాక్ రింగును ఇనుప ఉలితో గాక ఇత్తడి కడ్డీతో తట్టాను. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువైనది, నేల మీదే పారాడుతుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, ఈ లేఖ వ్రాయడానికి నేను మిగిలి ఉండేవాణ్ణి కాను. కొత్త రబ్బరు వాషర్ వేసి, అంతా బిగించి తాళం తిప్పితే, ముల్లు ఫుల్‌ను దాటిపోయి నిలిచింది.

అప్పుడు నేను అన్న మాటలు ఈ లేఖలో వ్రాయదగినవి కావు, క్షమించాలి. ఈసారి తప్పు తమరిది కాదు. ట్యాంకు పట్టీల కింద తుప్పు, దాని మీద రంగు, మధ్యలో ఎర్తు అన్నదే లేదు; వైరు ఊడదీసినట్టే అయింది. ఛాసిస్ మీద రూపాయి బిళ్లంత మేర మెరిసేదాకా గీకి ఒక వైరు బిగించాను. ముల్లు ఒక్కసారి వణికి, మెల్లగా కిందికి వచ్చి, ఖాళీ గీతకు రవ్వంత పైన ఆగింది. డబ్బాలో ఉన్న 20 లీటర్లు పోస్తూ కిటికీలోంచి తల పెట్టి చూశాను. లేచింది. ఎంత పోశానో అంతే లేచింది.

ఇట్లు,
తమరి ట్యాంకును మూడుసార్లు దించి మూడుసార్లు ఎత్తిన,
ఒక పాత ట్రక్కు యజమాని

తాజాకలం: తమరి పాత శరీరాన్ని పారవేయలేదు. మెడలో ‘0–90, రెండు గొట్టాలు’ అని చీటీ కట్టి పనిముట్ల పెట్టెలో భద్రపరిచాను.